తేదీ దాటిపోయాక ఎలా కనిపెట్టుకుని ఉండాలి?

ప్రశ్న: అక్కా, ప్రభువు నామంలో వందనాలు. మాది తిరుపతి, కొర్లగుంట. సీఎస్ఐ సంఘం. మా ఆయనకు మూడేళ్ల కిందట పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయినాయి. మాట సరిగా రాదు. ముందు టాటా ఏస్ నడిపేవారు, మామిడి సీజన్‌లో తోటల నుంచి ఫ్యాక్టరీలకు కాయ తోలేవారు. ఇప్పుడు నేను గాంధీ రోడ్డులో ఒక బట్టల షాపులో పని చేస్తా ఉన్నా. పోయినేడు ఒక మహాసభలో బయటి నుంచి వచ్చిన దైవజనులు ఆయన తల మీద చెయ్యి పెట్టి, వచ్చే క్రిస్మస్‌కు ఈయన తన కాళ్లతో నడిచి మందిరానికి వస్తాడని ప్రవచించినారు. నమ్మినాం. అమ్మాయికి పుత్తూరు సంబంధం ఖాయమైంది. నాన్న నడిపించుకుని ఆల్టరు దాకా తీసుకుపోవాలని పెళ్లి ఆపినాం. బండి అమ్మలేదు. సదరం సర్టిఫికెట్‌కు కూడా పోలేదు. వికలాంగుడని కాగితం రాయించుకుంటే మన నోటితో మనమే ఒప్పుకున్నట్టు అని సంఘంలో ఒక సిస్టర్ అన్నారు. క్రిస్మస్ వచ్చింది, పోయింది. ఆయన లేవలేదు. మీ విశ్వాసం చాల్లేదేమో అంటా ఉన్నారు. పుత్తూరు వాళ్లు మంచోళ్లే, ఇంకా ఎన్నాళ్లమ్మా అని అడుగుతున్నారు. మధ్యాహ్నం ఆయనకు పక్కింటి అక్క అన్నం పెడుతుంది. ఆమె శనివారం కొండకు నడిచిపోయినప్పుడు ఆయన కోసం మొక్కుకున్నానని చెప్పింది. నాకు ఏమనాలో తెలీలేదు. ఓపిక పట్టు, దేవుడి కోసం ఎదురుచూస్తూ కనిపెట్టు అని అందరూ చెప్తారు. ఎట్లా కనిపెట్టాలో ఒక్కరూ చెప్పరు. దేవుడి మీద కోపం వస్తోంది అక్కా. ఇట్లా రాయొచ్చో లేదో. — పేరు వద్దు

సమాధానం:

రాయొచ్చు చెల్లెమ్మా. ఆ కోపం దగ్గరే మొదలుపెడదాం. 13వ కీర్తన తీసి చూడండి. ఎన్నాళ్లు, ఎంతవరకు అంటూ దావీదు మొదటి రెండు వచనాల్లోనే నాలుగు సార్లు దేవుణ్ణి నిలదీస్తాడు. 88వ కీర్తన ఇంకా ఘోరం. ఏడుస్తూ మొదలైన కీర్తనలు చాలావరకు స్తుతి దగ్గరికి వచ్చి ఆగుతాయి. ఇది మాత్రం చీకటే నాకు చుట్టం అన్న మాట దగ్గర ఆగిపోతుంది, అంతే. ఆ రెండూ మన బైబిల్లోనే ఉన్నాయి, ఎవరూ తీసేయలేదు. మీరు కోప్పడింది దేవుడి మీదే అయినా, ఆయన ముందుకు పోయి కోప్పడుతున్నారు. నాకు దిగులల్లా లోపల రగులుతూ, బయటికి నవ్వుతూ ప్రైజ్ ద లార్డ్ చెప్పి వెళ్లిపోయేవాళ్ల గురించే.

ఇక ఆ క్రిస్మస్ గడువు సంగతి. బండి, సర్టిఫికెట్, పెళ్లి అన్నీ దానికే ముడిపడి ఉన్నాయి కాబట్టి ముందు ఆ ముడి విప్పాలి.

డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో మీరూ వాగ్దానం కార్డు తీసుకునే ఉంటారు. గోడకు కొత్త క్యాలెండరు కూడా పడే ఉంటుంది. మన ఇళ్లలో ఆ కార్డుల మీదా క్యాలెండర్ల మీదా తరచూ కనపడే వచనం యిర్మీయా 29:11. మీ గురించి నేను అనుకున్నది నాకు తెలుసు, అది మీకు మేలే గాని కీడు కాదు, మీకు నిరీక్షణ, అంటే ఆశ, కలిగిస్తాను అని దేవుడు చెప్పే మాట. బంగారం లాంటి మాట. అయితే దానికి పైన 10వ వచనం ఒకటుంది. దాన్ని ఏ కార్డు మీదా నేను చూడలేదు. బబులోనులో డెబ్బై ఏళ్లు నిండాకే మిమ్మల్ని వెనక్కి తెస్తాను అని ఉంటుంది అక్కడ. క్రీ.పూ. 597లో బబులోను రాజు నెబుకద్నెజరు యెరూషలేము రాజును, అధికారులను, పనివాళ్లను, కంసాలులను పట్టుకుపోయాక, ఆ జనానికి ప్రవక్త యిర్మీయా రాసి పంపిన ఉత్తరం అది. డెబ్బై ఏళ్లంటే లెక్క వేసుకోండి. ఆ ఉత్తరం చేతికి అందిన పెద్దవాళ్లలో ఎంతమంది తిరుగు ప్రయాణం చూసి ఉంటారు?

దానికి ముందు అధ్యాయంలో హనన్యా అనే ఇంకో ప్రవక్త ఉన్నాడు. యాజకులూ జనమూ చూస్తుండగా మందిరంలో నిలబడి, యెహోవా పేరు చెప్పి, బబులోనుకు పోయిందంతా రెండేళ్లలో వెనక్కి వస్తుందన్నాడు. బబులోనుకు లోబడాలనే గుర్తుగా యిర్మీయా మెడ మీద పెట్టుకున్న కాడిని లాక్కుని విరిచేశాడు కూడా. రెండేళ్లు అన్నవాడి మాట తియ్యగా ఉంటుందా, డెబ్బై అన్నవాడిదా? యిర్మీయా ఆయనతో వెంటనే తగువుకు దిగలేదు. ఆమేన్, యెహోవా అట్లాగే చేయనీ అన్నాడు. ఆయనకూ రెండేళ్లే కావాలి మరి. మీరూ ఆ రోజు ఆమేన్ అన్నారు. అందులో మీ తప్పేం లేదు. భర్త లేచి నడవాలని కోరుకోని భార్య ఎవరు?

మాట నెరవేరకపోతే ఎవరిని అడగాలో ధర్మశాస్త్రం ముందే చెప్పింది. ద్వితీయోపదేశకాండము 18:22 చదవండి. ప్రవక్త యెహోవా పేరు మీద చెప్పింది జరగకపోతే, అది యెహోవా చెప్పిన మాట కాదు, ఆ ప్రవక్త అహంకారంతో చెప్పుకున్నది. విన్నవాళ్ల విశ్వాసం చాల్లేదు కాబట్టి జరగలేదన్న ముక్క ఆ వచనంలో ఎక్కడా లేదు. లెక్క చెప్పాల్సింది చెప్పినవాడే. హనన్యా చివరికి ఏమయ్యాడో ఆ అధ్యాయం ఆఖరున ఉంది, అది చూసి ఆ దైవజనుల్ని శపించే పని మాత్రం పెట్టుకోకండి. మనకు వేరే పనులున్నాయి.

ఎట్లా కనిపెట్టాలో ఒక్కరూ చెప్పరని రాశారే, యిర్మీయా రాసిన ఆ ఉత్తరం చెప్తుంది. ఇళ్లు కట్టుకుని కాపురం ఉండండి. తోటలు నాటి వాటి పండ్లు తినండి. పెళ్లిళ్లు చేసుకోండి, మీ కొడుకులకు పెళ్లిళ్లు చేయండి, కూతుళ్లను పెళ్లికివ్వండి. 5, 6 వచనాలు. రేపో మాపో ఊరికి పోతాం కదా అని మూట విప్పకుండా కూర్చున్న జనానికి, ముందు ఆ మూట విప్పమని దేవుడే చెప్పాడు. వెనక్కి తెస్తానన్న మాట ఇచ్చిన నోటితోనే ఇదీ చెప్పాడు. కూతుళ్లను పెళ్లికివ్వండి అన్న చోట మీరు కాసేపు ఆగుతారనుకుంటాను. ఆ సంగతికి మళ్లీ వస్తాను.

విశ్వాసం చాల్లేదన్నవాళ్లకు జవాబివ్వాలనిపిస్తే 2 తిమోతి 4:20 చూపించండి. దాని మీద ప్రసంగం నేనైతే ఎప్పుడూ వినలేదు. త్రోఫిముకు జబ్బు చేసింది, అతన్ని మిలేతులో వదిలి వచ్చాను అని పౌలు రాస్తాడు. ఈ పౌలు ఎవరు? ఆయన ఒంటికి తగిలిన చేతిగుడ్డలు తీసుకుపోతేనే రోగాలు పోయేవని అపొస్తలుల కార్యములు 19వ అధ్యాయం చెప్తుంది. అలాంటి మనిషి తోటి సేవకుణ్ణి జబ్బుతోనే వదిలి వచ్చాడు. అతని విశ్వాసం గురించి ఒక్క మాట అనలేదు. తిమోతి కడుపు నొప్పికి చేతులుంచి ప్రార్థన చేస్తానని రాయకుండా, కొంచెం ద్రాక్షారసం పుచ్చుకోమన్నాడు. తన ఒంట్లో ముల్లు తీసేయమని మూడు సార్లు అడిగాడు, అది పోలేదు. ప్రభువు బాగు చేస్తాడు, నేను చూశాను కూడా. మీరు ప్రార్థన మానకండి. కానీ స్వస్థత రాని ఇంట్లో విశ్వాసం లేదనే మాట నిలవదు, పౌలు దగ్గరే నిలవలేదు.

మరి మనం దేనికోసం కనిపెడుతున్నట్టు? ప్రభువు రాకడ కోసం, మృతుల పునరుత్థానం కోసం. రోమా 8:23లో పౌలు మన దేహం విడుదల కోసం కనిపెడుతున్నాం అంటాడు. ఆత్మ పరలోకానికి పోతే చాలనలేదు, దేహం అన్నాడు. కాబట్టి మీ ఆయన కుడి చెయ్యి, కుడి కాలు, తిరగని ఆ నాలుక అన్నీ ఆ వాగ్దానం కింద ఉన్నాయి. అవి ఈ ఏడాదే లేస్తే మీ వీధిలో అందరికన్నా ముందు నేనే స్వీట్లు పంచుతాను. లేవకపోతే ఆ వాగ్దానం ఒక్క పిసరు కూడా తగ్గదు. ఆ రోజు ఎప్పుడో దేవదూతలకు కూడా తెలియదని మత్తయి 24:36 అంటుంది. దేవుడు ఆ రోజును దేవదూతలకు కూడా చెప్పకుండా దాచిపెట్టాడు. మన ఇంటి మేళ్లకు మాత్రం మైకు ముందు నెలా తేదీ ప్రకటిస్తాడని నాకు నమ్మకం కుదరదు.

మన వైపు జరిగిన సంగతి ఒకటి చెప్తాను. మొన్నమొన్నటి దాకా మన చిత్తూరు జిల్లాలో ఉన్న మదనపల్లె పక్కన ఆరోగ్యవరం ఉంది కదా. కొన్ని క్రైస్తవ మిషన్లు కలిసి 1915లో అక్కడ క్షయ రోగులకు శానిటోరియం తెరిచాయి. డెన్మార్క్ దేశస్థుడు డాక్టర్ ఫ్రిమొట్ మొల్లర్ దాన్ని నడిపించారు. అప్పటికి క్షయకు మందు లేదు. స్ట్రెప్టోమైసిన్ కనుక్కున్నది 1943లో. నడుమ ఇరవై ఎనిమిదేళ్లు. ఆ ఇరవై ఎనిమిదేళ్లూ అక్కడివాళ్ల చేతిలో ఎక్కువగా ఉన్నవి మంచి గాలి, విశ్రాంతి, తిండి, దగ్గరుండి చూసుకునే మనుషులు. మందు వచ్చాక ఆస్పత్రి కడదాం లెమ్మని వాళ్లు ఆగలేదు. నేను నర్సుగా పని చేసి రిటైరైన దాన్ని, అందుకేనేమో మందు వచ్చిన రోజుకన్నా ఆ ముందు ఏళ్ల మీదే నా మనసు పోతుంది. నయమవుతుందో లేదో తెలియని మనిషికి ఈ పూట దుప్పటి మార్చాలి, గంజి తాగించాలి. రేపు మళ్లీ అదే.

ఇప్పుడు మీ పనులు.

ముందు మీ వార్డు సచివాలయానికి వెళ్లి సదరం స్లాట్ అడగండి. ఆధార్ పట్టుకెళ్లండి. ప్రభుత్వ ఆస్పత్రిలో డాక్టర్ల బోర్డు ఆయన్ను చూసి ఎంత శాతమో రాస్తుంది. 40 శాతం, ఆపైన ఉండాలి. 2024లో పెంచాక దివ్యాంగుల పెన్షన్ నెలకు ₹6,000. పక్షవాతంతో మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైనవాళ్లకు ₹15,000. మీ ఆయన ఏ లెక్కలోకి వస్తారో బోర్డు తేలుస్తుంది, మంజూరు సంగతి సచివాలయంలో తెలుస్తుంది. షాపులో పొద్దంతా నిలబడి మీరు తెచ్చే జీతం పక్కన ఆ డబ్బు చిన్నదేం కాదు.

కాగితం మీద రాయించుకుంటే ఒప్పుకున్నట్టే అన్న సిస్టర్‌కు చెప్పండి. నీకేం చేయాలని యేసు అడిగితే, బర్తిమయి నాకు చూపు కావాలన్నాడు. నా కళ్లు బాగానే ఉన్నాయి అని చెప్పి స్వస్థత పొందినవాడు నాలుగు సువార్తల్లో ఎక్కడా లేడు. కాగితాలంటే గుర్తొచ్చింది. యిర్మీయా చెరసాల ఆవరణలో ఉండగా, ఊరి చుట్టూ శత్రు సైన్యం ఉండగా, అనాతోతులో పొలం కొన్నాడు. పదిహేడు తులాల వెండి తూచి ఇచ్చాడు, సాక్షుల చేత సంతకాలు పెట్టించాడు, ఆ దస్తావేజులు చాలా కాలం పాడవకుండా మట్టికుండలో పెట్టించాడు. 32వ అధ్యాయం. అంత నిరీక్షణ ఉన్నవాడు రిజిస్ట్రేషన్ పని వదల్లేదు.

బండి అమ్మేయండి. నిలబెట్టిన బండికి బ్యాటరీ పోతుంది, టైర్లు పోతాయి, ఇన్సూరెన్సు మాత్రం కట్టమంటూ వస్తూనే ఉంటుంది. తోతాపురి సీజన్ మొదలవక ముందే అమ్మకానికి పెడితే అడిగేవాళ్లుంటారు. ఆయన లేచి మళ్లీ బండి ఎక్కే రోజు వస్తే ఇంకో బండి దొరక్కపోదు. అయితే ఆర్‌సీ ఆయన పేరు మీదే ఉంటుంది, సంతకమో ఎడమ చేతి వేలిముద్రో ఆయనే వేయాలి. ఎలాగూ అడగాల్సిందే కాబట్టి కొనేవాణ్ణి ఇంటికి తెచ్చాక కాదు, ముందే అడగండి. ఆ బండి మీద ఆయన మిమ్మల్నందర్నీ సాకాడు.

ఫిజియోథెరపీ గురించి మీరేం రాయలేదు. మానేశారేమోనని నా అనుమానం. మొదటి కొన్ని నెలల్లో వచ్చినంత మార్పు మూడేళ్ల తర్వాత రాదు, నిజమే. అయినా కీళ్లు బిగుసుకుపోకుండా, భుజం నొప్పి ముదరకుండా అది కావాలి. రుయా, స్విమ్స్, బర్డ్ ఆస్పత్రులు, అంతగా అయితే రాయవేలూరు సీఎంసీ, ఎక్కడ వీలైతే అక్కడ ఒకసారి చూపించి ఇంట్లో ఏం చేయించాలో నేర్చుకోండి. బర్డ్ దేవస్థానం వాళ్లది కదా అని సంకోచం వద్దు. రోజూ చొక్కా తొడిగేటప్పుడు పడిపోయిన కుడి చేతిని ముందు దూర్చండి, ఎడమ చెయ్యి తర్వాత. విప్పేటప్పుడు ఎడమ చెయ్యి ముందు, కుడిది ఆఖరున. లేపేటప్పుడు ఆ కుడి చెయ్యి పట్టి గుంజకండి, పక్కింటి అక్కకూ ఇది చూపించండి. బీపీ మాత్రలు ఎవరు ఏం ప్రవచించినా ఆపొద్దు. రెండోసారి స్ట్రోకు రాకుండా కాపు కాసేవి అవే.

ఆ అక్కకు ఏమనాలని అడిగారు. థాంక్సు అక్కా అనండి. అలిపిరి మెట్లు మూడు వేల ఐదు వందలకు పైనే ఉంటాయి. అన్ని మెట్లెక్కుతూ ఆమె మీ ఇంటాయన పేరు మరిచిపోలేదు. అక్కడ మతం మీద వాదం దేనికి? మీరు మీ ప్రభువు దగ్గర ఆమె పేరు, ఆమె పిల్లల పేర్లు రోజూ చెప్పండి, చెప్తున్నానని ఆమెకూ చెప్పండి. యిర్మీయా ఉత్తరంలో 7వ వచనం కూడా అదే, మీరున్న పట్టణం క్షేమం కోరి దాని కోసం ప్రార్థించండి అని. తిరుపతి మనకేం చెర కాదు లెండి, మన సొంత ఊరు. అప్పుడు ఇంకా ఎక్కువ చేయాలి.

మీ గురించి కూడా ఒక మాట. షాపు నుంచి రాత్రి వచ్చి ఆయన పనులు చూసి పడుకునేసరికి ఎంతవుతుందో నేను ఊహించగలను. మీ సంఘంలో ఆడవాళ్ల కూటమి, స్త్రీల మైత్రి వాళ్లను అడగండి, ఆదివారం ఆరాధన అయ్యాక సాయంత్రం దాకా ఇద్దరు చొప్పున వంతులు వేసుకుని మీ ఇంట్లో ఉండమని. ఓపిక పట్టమని సలహా ఇచ్చినవాళ్ల పేర్లే ముందు రాయండి. ఆ కాసేపు మీరు నిద్రపోండి. అప్పుడు బైబిలు చదవకపోయినా ఏం కాదు. ఏలీయా చచ్చిపోతానని బదరీ చెట్టు కింద పడుకుంటే దేవదూత ప్రసంగం చేయలేదు, రొట్టె పెట్టి నీళ్లిచ్చి మళ్లీ పడుకోనిచ్చాడు.

ఇక పెళ్లి. మీ ఉత్తరమంతా ఒక్క మాట కోసం వెతికాను. దైవజనులు ఏమన్నారో ఉంది, సిస్టర్ ఏమన్నారో ఉంది, పుత్తూరు వాళ్లు, పక్కింటి అక్క, అందరి మాటా ఉంది. ఆయన ఏమంటున్నాడో లేదు. పెళ్లి ఆపింది ఆయన కాళ్ల కోసం. ఆయన్ను ఎవరైనా అడిగారా? మాట పడిపోయినవాళ్లలో చాలామందికి మనం అనుకునే దానికన్నా ఎక్కువ అర్థమవుతుంది. కూతురి పెళ్లి తన వల్లే ఆగిందని ఏడాదిగా మంచం మీద వింటూ ఉన్న తండ్రి మనసులో ఏముందో మనకు తెలియదు.

పొద్దున పూట అడగండి, అప్పుడు అలసట తక్కువ. టీవీ కట్టేయండి. ఎదురుగా కూర్చుని, అవునో కాదో తల ఊపితే సరిపోయే ప్రశ్నలు ఒక్కొక్కటే వేయండి. జవాబు వచ్చేదాకా ఆగండి, మీరే అందివ్వకండి. ఆయనకు ఏడుపు వస్తే రానివ్వండి, స్ట్రోకు వచ్చినవాళ్లకు అది తొందరగా వస్తుంది. పెళ్లి ఇప్పుడు చేద్దామా? చక్రాల కుర్చీలో అమ్మాయితో పాటు లోపలికి వస్తావా? వద్దంటే ఆయన తరఫున అన్నో తమ్ముడో తీసుకొస్తారు, ఆయన ముందు వరసలో కూర్చుంటాడు. అవునంటే అమ్మాయిని ఆయన ఎడమ పక్కన నడిపించండి, బాగున్న చెయ్యి అదే, ఆమె చెయ్యి పట్టుకోగలడు. మూడు ఆదివారాలు పెళ్లి ప్రకటన చదవాలి, ఈస్టర్ ముందు వచ్చే లెంటు ఉపవాస దినాల్లో మీ పాస్టరు అయ్యగారు పెళ్లి పెట్టరు, కాబట్టి ఈస్టర్ తర్వాత తేదీలు అడగండి. ఎండలు ముదిరి ఉంటాయి, ఉదయం ఆరాధనే పెట్టించుకోండి. ఈలోపు ఒక శనివారం ఖాళీ కుర్చీ తీసుకుని చర్చికి పోయి, గుమ్మం దగ్గర మెట్టు ఎంత ఎత్తు ఉందో, బెంచీల మధ్య కుర్చీ పడుతుందో లేదో చూసుకోండి. మెట్టు మీదికి చెక్క పలక వేయించమని చర్చి కమిటీకి ముందే చెప్పండి. పుత్తూరుకు మాత్రం, ఆయన తల ఊపిన రోజే ఫోన్ చేయండి.